అవతల ఆడుతున్నది ఎవరు?



ఈ ధర్మనిధి ఉపన్యాసం ఎవరి పేరు మీద జరుగుతోందో ఆ మాస్టారు మాకు లెక్కలు చెప్పేవారు. సంభావ్యత పాఠం మొదలయ్యే రోజున పేకల కట్టతో తరగతికి వచ్చేవారు. పేకముక్క ముట్టుకున్న పిల్లవాడు చెడిపోయాడని ఊరంతా అనుకునే కాలమది. ఆయన మాత్రం ఆ కట్టను బల్ల మీద పరిచి, చేతిలో రెండు ముక్కలుంటే మూడోది పడే అవకాశం ఎంతో మాచేత లెక్క కట్టించేవారు. ఆటను చిన్నచూపు చూడకపోవడం, అందులోని లెక్కను వెతకడం మాకు ఆయన దగ్గర అబ్బిన చదువు. ఆయన పేరు మీద మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు ఆ చదువుకు తగిన విషయమే తీసుకోవాలనిపించింది. ఆన్‌లైన్‌లో నలుగురు కలిసి ఆడే వీడియో గేముల్లో జరిగే మోసం, ఆ మోసాన్ని కృత్రిమ మేధ ఎటు తీసుకుపోతోందన్నది ఈ సాయంత్రం నా విషయం.

పెద్దల్లో కొందరికి ఇది పిల్లల గొడవ అనిపించవచ్చు. కానీ మన ఇళ్లలో పన్నెండేళ్ల పిల్లవాడు ముక్కూమొహం తెలియని మనుషులతో కలిసి ఏదైనా పని చేస్తున్నాడంటే అది ఎక్కువగా బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ లాంటి ఆటల్లోనే. తప్పు చేయకుండానే శిక్ష పడితే ఎవరికి చెప్పుకోవాలన్న ప్రశ్న కూడా వాడికి మొదట ఎదురయ్యేది అక్కడే. కబడ్డీలో అవతలి జట్టు కళ్లెదుట ఉంటుంది, కూత ఆగిందో లేదో బరి చుట్టూ ఉన్న అందరికీ వినపడుతుంది. ఫోనులో ఆడేటప్పుడు అవతలివాడు ఒక పేరు, ఒక బొమ్మ, అంతే. ఆ బొమ్మ వెనక మనిషి ఉన్నాడనీ, నా కళ్లకూ చేతులకూ ఉన్న పరిమితులే వాడికీ ఉన్నాయనీ నమ్మితేనే ఆట సాగుతుంది. ఆ నమ్మకం ఇప్పుడు కదులుతోంది. దాన్ని కాపాడుతున్నామంటూ జరిగే పనుల్లో కొన్ని న్యాయమైనవి, కొన్ని కావు. ఆ తేడాను గట్టిగా పట్టుకోవాలన్నదే నా పట్టుదల.

మోసం కొత్తదేమీ కాదు. 1999లో మరో ఆటకు మార్పుగా పుట్టి, 2000లో విడిగా అమ్మకానికి వచ్చిన కౌంటర్-స్ట్రయిక్‌నే తీసుకోండి. దాన్ని నడిపే వాల్వ్ కంపెనీ 2002లోనే వ్యాక్ అనే కాపలా ప్రోగ్రామును పెట్టవలసి వచ్చింది. అప్పటి మోసం తీరు అర్థం చేసుకోవడం తేలిక. ఆట నడుస్తున్న కంప్యూటరు మెమరీలో ప్రత్యర్థులు ఎక్కడెక్కడ ఉన్నారో అంకెల రూపంలో ఉంటుంది, వాళ్లు గోడ వెనక ఉన్నా సరే. మరో ప్రోగ్రాము దొంగచాటుగా ఆ అంకెలు చదివి గోడ వెనకవాణ్ణి తెర మీద చూపిస్తే అది వాల్‌హ్యాక్. గురిని తానే తిప్పి శత్రువు తల మీద నిలిపితే అది ఎయిమ్‌బాట్. మన పిల్లలు ఈ రెండింటినీ కలిపి ‘హ్యాకర్ వచ్చాడ్రా’ అనేస్తారు. దొంగ ప్రోగ్రాము ఆ కంప్యూటరులోనే ఉంటుంది కాబట్టి దాని ఆనవాలు పట్టుకుంటే చాలు, దొంగ దొరికినట్టే.

2018 అక్టోబరులో షాంఘైలో జరిగిన ఎక్స్‌ట్రీమ్స్‌ల్యాండ్ పోటీలో మన దేశపు జట్టు ఒకటి ఇలాగే పట్టుబడింది. ఆటగాడి కంప్యూటరులో వర్డ్ డాట్ ఈఎక్స్‌ఈ అనే అమాయకమైన పేరుతో గురిని సరిదిద్దే ప్రోగ్రాము దొరికింది. జట్టు మొత్తాన్ని పోటీ నుంచి తప్పించారు, కొద్ది రోజుల్లోనే ఆ జట్టే రద్దయింది. ఒకడు చేసిన తప్పుకు మిగతా నలుగురూ ఇంటిదారి పట్టారు. ఆ ఒక్కడి మీద ఎన్నేళ్ల నిషేధం పెట్టినా ఆ నలుగురి నష్టం పూడలేదు.

ఆ కేసులో కనీసం ఒక ఫైలు దొరికింది. కృత్రిమ మేధ వచ్చాక ఆ ఫైలు కూడా దొరకని రోజులొచ్చాయి.

చిత్రం చూపిస్తే అందులో మనిషి ఎక్కడున్నాడో, వాహనం ఎక్కడుందో రెప్పపాటులో గుర్తించే నమూనాలు గత పదేళ్లలో అందరికీ ఉచితంగా అందుబాటులోకి వచ్చాయి. వాటిలో బాగా పేరున్నది యోలో. జోసెఫ్ రెడ్‌మన్, ఆయన సహచరులు 2015లో దాన్ని బయటపెట్టారు. రోడ్డు మీద బళ్లు లెక్కపెట్టడానికి పనికొచ్చే ఆ నమూనాకే ఆట తెరల బొమ్మలు వేలకొద్దీ చూపించి, ఇది శత్రువు, ఇది తల అని నేర్పిస్తే ఎయిమ్‌బాట్‌కు కన్ను తయారవుతుంది. తెర మీది బొమ్మను పక్కనున్న రెండో కంప్యూటరు అందుకుంటుంది. శత్రువును గుర్తిస్తుంది. చిన్న సర్క్యూట్ బోర్డు ద్వారా మౌసు కదిలినట్టే సంకేతం పంపిస్తుంది. ఆట నడిచే కంప్యూటరులో దొంగ ప్రోగ్రాము లేదు, మెమరీని ఎవరూ తాకలేదు. ఆ కంప్యూటరుకు తెలిసినంతవరకు ఎవరో మౌసు కదిపారు, అంతే. ఆటల కోసమే చేసిన కన్సోల్ మూసిన పెట్టె కదా, అందులోకి దొంగ ప్రోగ్రాము ఎక్కించడం కష్టం కదా అన్న ధీమా ఒకటి ఉండేది. ఈ పద్ధతికి పెట్టె తెరవాల్సిన పనే లేదు. 2021 జులైలో, కన్సోళ్ల మీద కూడా పనిచేస్తుందని చెప్పుకున్న అలాంటి ఒక ఎయిమ్‌బాట్ ప్రచార వీడియోను యాక్టివిజన్ కంపెనీ యూట్యూబ్ నుంచి తీయించింది. వీడియో పోయింది కానీ దాని వెనకున్న పద్ధతి ఎక్కడికీ పోలేదు.

ఆ రెడ్‌మనే 2020 ఫిబ్రవరిలో కంప్యూటరుకు చూపు నేర్పే పరిశోధన మానేశానని ప్రకటించాడు. తన పని సైన్యాలకూ, జనం మీద నిఘాకూ ఉపయోగపడటం ఆయన మనసుకు పట్టలేదు. ఆటల్లో మోసం ఆయన చెప్పిన కారణాల్లో లేదు. అయినా ఈ సభలో ఇంజనీరింగ్ విద్యార్థులు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ మాట వాళ్ల చెవిన వేయాలనిపించింది.

పాత ఎయిమ్‌బాట్ మనిషికి సాధ్యంకాని వేగంతో గిర్రున తిరిగేది, చూసినవాడికి అనుమానం వచ్చేది. కొత్తదానికి తడబడటం నేర్పుతున్నారు. గురి కొంచెం దాటిపోయి వెనక్కి రావడం, నాలుగుసార్లలో ఒకసారి తప్పడం, కన్ను చూసిన తర్వాత చెయ్యి కదలడానికి పట్టే ఆ సెకనులో అయిదో వంతు ఆలస్యం, అన్నీ దానికి వచ్చు. ఇక దొంగను పట్టుకోవడానికి చేతికి చిక్కే వస్తువేదీ మిగల్లేదు. ప్రవర్తన ఒక్కటే మిగిలింది.

ప్రవర్తన చూసి మోసమో కాదో తేల్చడానికి కూడా యంత్రాన్నే పెట్టారు. ఆ కథ చెప్పుకోదగ్గది. కౌంటర్-స్ట్రయిక్‌లో ఓవర్‌వాచ్ అనే ఏర్పాటు ఉండేది. అనుభవమున్న ఆటగాళ్లే జ్యూరీగా కూర్చుని, ఫిర్యాదు వచ్చిన ఆట రికార్డింగును చూసి తీర్పు చెప్పేవారు. నిందితుడి పేరు వాళ్లకు కనపడదు. 2018లో శాన్‌ఫ్రాన్సిస్కోలో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్ జరిగినప్పుడు వాల్వ్ ఇంజనీరు జాన్ మెక్‌డొనాల్డ్ ఆ అంకెలు బయటపెట్టాడు. ఆటగాళ్లు చేసిన ఫిర్యాదుల్లో జ్యూరీ నేరమని తేల్చినవి నూటికి 15 నుంచి 30 మాత్రమే. మిగతా ఫిర్యాదుల్లో చాలావరకు ఓడినవాడి ఉక్రోషమే అనుకోవాలి. అప్పుడు వాళ్లు వ్యాక్‌నెట్ అనే డీప్ లెర్నింగ్ నమూనాను తయారుచేశారు. ప్రతి తూటా పేలడానికి కాస్త ముందూ, పేలిన వెంటనే గురి ఎటు ఎంత కదిలిందో అది చూసేది. జ్యూరీ అంతకుముందు ఇచ్చిన తీర్పులే దానికి పాఠాలు. రోజుకు లక్షల ఆటలను పరిశీలించడానికి వేల ప్రాసెసర్ కోర్లతో సర్వర్లు పెట్టారు. ఆ యంత్రం పంపిన కేసుల్లో నూటికి 80 నుంచి 95 దాకా జ్యూరీ నేరమనే తేల్చింది.

అంకెల కన్నా ఆ ఏర్పాటులోని క్రమమే నాకు ముఖ్యం. వ్యాక్‌నెట్ అనుమానించిన ఆటను జ్యూరీ ముందు పెట్టేది, నిషేధం మాట జ్యూరీ చెప్పేది. యంత్రం ఫిర్యాదుదారు, తీర్పరి మనిషి. కొత్త మోసపు పద్ధతి పుట్టినప్పుడు మొదట పసిగట్టేది ఆ ఆటలో మునిగితేలిన మనుషులే. వాళ్ల తీర్పులనుంచి యంత్రం మళ్లీ నేర్చుకునేది. కృత్రిమ మేధను న్యాయం దగ్గర ఎక్కడ నిలబెట్టాలన్న ప్రశ్నకు నాకు కనిపించిన మంచి జవాబుల్లో ఇది ఒకటి. తుపాకులాట నడిపేవాళ్ల దగ్గరనుంచి వచ్చిందని దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

తీర్పరి మనిషే ఎందుకు కావాలో మాస్టారి పద్ధతిలో లెక్క కట్టి చూద్దాం. లక్షమంది ఆడుతున్నారనుకోండి. వాళ్లలో వెయ్యిమంది మోసగాళ్లు, 99 వేలమంది నిజాయితీపరులు. మన దగ్గరున్న యంత్రం నూటికి 99 సార్లు సరిగ్గా చెబుతుంది, దొంగనైనా దొరనైనా. వెయ్యిమంది మోసగాళ్లలో 990 మందిని పట్టుకుంటుంది. బాగుంది. కానీ 99 వేలమంది నిజాయితీపరుల్లో నూటికి ఒకరి చొప్పున పొరబడుతుంది, అంటే మరో 990 మంది. యంత్రం వేలెత్తి చూపిన 1,980 మందిలో సరిగ్గా సగంమంది ఏ పాపమూ ఎరగనివాళ్లు. యంత్రాన్ని పదిరెట్లు మెరుగుపరిచి వెయ్యికి ఒక్కసారే తప్పేలా చేసినా, అది పట్టిచ్చిన పదకొండుమందిలో ఒకడు నిర్దోషి. ఆడేవాళ్లు లక్షల్లో కాదు, కోట్లలో ఉంటారు.

ఆ నిర్దోషులు ఎవరన్నది కూడా ఆలోచించాలి. యంత్రం పొరపాటు అందరి మీదా సమానంగా పడదు. సగటు ఆటగాడి మీద దానికి అనుమానమే రాదు. అసాధారణంగా ఆడేవాడి మీదే వస్తుంది. ఏళ్ల తరబడి సాధన చేసి చేతిని చురుకుగా తయారుచేసుకున్న కుర్రవాడు, వేళ్లు సరిగా కదలక ప్రత్యేకమైన కంట్రోలరుతో ఆడే పిల్ల, వీళ్ల కదలికలే మిగతావారికి భిన్నంగా ఉంటాయి. ప్రతిభకూ వైకల్యానికీ ఒకే శిక్ష వేసే కొలబద్దను నేను కొలబద్ద అనలేను.

ఈ తప్పు ఆటలకే పరిమితం కాదు. ఇంగ్లండులో 1999లో ఒక తల్లికి తన ఇద్దరు పసిబిడ్డలను చంపిందని శిక్ష పడింది. వాళ్లలాంటి కుటుంబంలో ఇద్దరు బిడ్డలు సహజంగా చనిపోయే అవకాశం 7 కోట్ల 30 లక్షల్లో ఒకటేనని ఒక వైద్య నిపుణుడు కోర్టులో చెప్పాడు. ఆ లెక్క చెల్లదని రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ 2001లో బహిరంగంగా ప్రకటించింది. 2003లో ఆ తల్లి విడుదలైంది. జైల్లో గడిచిన మూడేళ్లను ఎవరూ తిరిగి ఇవ్వలేకపోయారు. అరుదైన సంగతి జరిగిందంటే నేరం జరిగినట్టే అనుకునే తొందర ఇవాళ ఆటల నిఘాలోకి కూడా వచ్చింది.

చదరంగంలో ఈ తొందర ఎంత దూరం పోగలదో చూశాం. తెలుగువాళ్లకు ఈ ఆట పరాయిది కాదు. గుడివాడ హంపి, గుంటూరు హరికృష్ణ, హారిక, వరంగల్ అర్జున్ మన ఇళ్లలో వినపడే పేర్లు. 1997 మేలో న్యూయార్కులో డీప్ బ్లూ అనే కంప్యూటరు ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను ఓడించినప్పుడు ఆ యంత్రం నిలువెత్తు బీరువాలంత ఉండేది. ఇప్పుడు ఉచితంగా దొరికే స్టాక్‌ఫిష్ ప్రోగ్రాము జేబులో ఫోను మీద నడుస్తూ ప్రపంచ విజేతను సునాయాసంగా ఓడించగలదు. ఇంట్లో కూర్చుని ఆడే పోటీలో ఆ ఫోనును పక్కన పెట్టుకోకుండా ఆపేది కొంతవరకు కెమెరాలు, చాలావరకు మనస్సాక్షి. 2020 ఆగస్టులో, కోవిడ్ రోజుల్లో, తొలి ఆన్‌లైన్ ఒలింపియాడ్ అలాగే జరిగింది. హంపి, హారిక, హరికృష్ణ ఉన్న మన జట్టు రష్యాతో కలిసి స్వర్ణం పంచుకుంది. ఫైనల్లో ఇంటర్నెట్ అంతరాయం వల్ల ఇద్దరు భారత ఆటగాళ్ల కనెక్షన్ తెగిపోతే ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే ఇరుజట్లనూ విజేతలుగా ప్రకటించింది. ఆ మరుసటి ఏడాదే కోవిడ్ సహాయ నిధి కోసం విశ్వనాథన్ ఆనంద్ ఆడిన ప్రదర్శన ఆటల్లో ఒక పారిశ్రామికవేత్త ఆయన్ను ఓడించి, తర్వాత కంప్యూటరు సాయం తీసుకున్నానని ఒప్పుకున్నాడు. దానం కోసం ఆడిన ఆటలోనే ఇలా జరిగితే బహుమతి డబ్బున్న చోట సంగతేమిటని అడిగినవాళ్లను తప్పుపట్టలేం.

అసలు తుఫాను 2022 సెప్టెంబరు 4న లేచింది. సెయింట్ లూయిస్‌లో సింక్‌ఫీల్డ్ కప్‌లో 19 ఏళ్ల హాన్స్ నీమన్ చేతిలో అప్పటి ప్రపంచ విజేత మాగ్నస్ కార్ల్‌సన్ ఓడిపోయాడు, మర్నాడు పోటీనుంచే తప్పుకున్నాడు. అది బల్లకు అటూ ఇటూ కూర్చుని ఎదురెదురుగా ఆడిన ఆట. నీమన్ తాను 12 ఏళ్లప్పుడు, 16 ఏళ్లప్పుడు ఆన్‌లైన్‌లో మోసం చేశానని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత చెస్ డాట్ కామ్ వెబ్‌సైట్ 72 పేజీల నివేదికలో అతను వందకు పైగా ఆన్‌లైన్ ఆటల్లో మోసం చేసి ఉండవచ్చని రాసింది. బఫెలో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన కెనెత్ రీగన్ ఆటగాడి స్థాయికి తగిన ఎత్తులేవో, యంత్రం వేసే ఎత్తులతో అవి ఎంత కలుస్తాయో లెక్కకట్టే పద్ధతిని ఏళ్ల తరబడి తీర్చిదిద్దినవాడు. ఎదురెదురుగా ఆడిన ఆటల్లో మోసానికి ఆయనకు ఆధారం దొరకలేదు. నీమన్ 10 కోట్ల డాలర్లకు దావా వేయడం, 2023 జూన్‌లో కోర్టు దాన్ని కొట్టేయడం, ఆగస్టులో రాజీ కుదరడం తర్వాతి సంగతులు. నన్ను కలతపెట్టింది వేరే. ఆన్‌లైన్‌లో చేసిన తప్పుకు ఉన్న ఆధారాన్ని తెచ్చి బల్ల మీది ఆటకు అంటగట్టడానికి లోకానికి ఒక్క రోజు కూడా పట్టలేదు. రీగన్ లాంటివాళ్ల లెక్క నిదానంగా నడుస్తుంది, ఆలోపు పుకారు ఊరు చుట్టేసి వచ్చింది.

అమెరికన్ గ్రాండ్‌మాస్టర్ డేనియల్ నరోడిట్స్కీ కథ ఇంకా బాధ కలిగిస్తుంది. వేలమందికి ఆన్‌లైన్‌లో ఓపికగా చదరంగం నేర్పిన గురువు ఆయన. మాజీ ప్రపంచ విజేత వ్లాదిమిర్ క్రామ్నిక్ ఆయన మీద పదేపదే బహిరంగంగా అనుమానం వ్యక్తం చేశాడు. ఏ విచారణలోనూ అది రుజువు కాలేదు. 2025 అక్టోబరులో నరోడిట్స్కీ 29 ఏళ్లకే కన్నుమూశారు. మరణ కారణం గురించి నేనేమీ అనను. చివరి రోజుల్లో ఆ ఆరోపణలు తననెంత కుంగదీశాయో ఆయనే తన ప్రేక్షకులతో చెప్పుకున్నారు. ఫిడే క్రామ్నిక్ తీరు మీద తన నైతిక విచారణ సంఘానికి ఫిర్యాదు చేసింది. యంత్రం సాయంతో మోసం సాధ్యమని తెలిసిన లోకంలో గొప్పగా ఆడిన ప్రతి ఆటా ఒక నేరారోపణకు సాక్ష్యమైపోయే ప్రమాదముంది. నీ మెదడులోంచే ఆ ఎత్తు వచ్చిందని నిరూపించుకోమంటే ఎవరు నిరూపించుకోగలరు?

కళ్లతో చూసినదాన్ని కూడా నమ్మలేని సంఘటన ఒకటి 2024 మార్చిలో జరిగింది. ఏపెక్స్ లెజెండ్స్ ఆటకు ఉత్తర అమెరికా ఫైనల్స్ ప్రత్యక్ష ప్రసారం నడుస్తోంది. పేరుపొందిన ఒక ఆటగాడి తెర మీద ఉన్నట్టుండి గోడల అవతల ఉన్నవాళ్లంతా కనిపించడం మొదలైంది. అతను నిర్ఘాంతపోయి ఆట ఆపేశాడు. కాసేపటికి మరో ఆటగాడి చేతిలో ఎయిమ్‌బాట్ దానంతటదే పనిచేసింది. ఎవడో బయటివాడు వాళ్ల ఆటలోకి చొరబడి ఆ మోసపు పనిముట్లను వాళ్ల నెత్తిన రుద్దాడు. నిర్వాహకులు పోటీ వాయిదా వేశారు. అది వేలమంది చూస్తున్న ఫైనల్ కాకుండా, మన ఊళ్లో ఒక కుర్రవాడు రాత్రి పదకొండింటికి ఒంటరిగా ఆడుతున్న మామూలు ఆటయి ఉంటే? ఉదయానికి వాడి ఐడీ పోయి ఉండేది.

అదే ఏడాది అక్టోబరులో కాల్ ఆఫ్ డ్యూటీ అనే ఆటకు కాపలా కాసే రికోషే ప్రోగ్రాములో ఒక లోపం బయటపడింది. దాన్ని వాడుకుని ఏ తప్పూ చేయని ఆటగాళ్లను నిషేధింపజేయవచ్చు. మోసపు ప్రోగ్రాముల్లో ఉండే కొన్ని మాటల కోసం అది మెమరీలో వెతుకుతుందనీ, ఆ మాటలున్న సందేశం పంపిస్తే చాలు అవతలివాడు దొంగగా ముద్రపడతాడనీ ఒక హ్యాకర్ చెప్పుకున్నాడు. తక్కువమందికే ఇలా జరిగిందని చెప్పి కంపెనీ ఖాతాలు తిరిగి ఇచ్చింది. ఆ తక్కువమంది అంతకుముందు మొరపెట్టుకున్నప్పుడు వినేవాళ్లెవరూ లేరన్నది అసలు సంగతి.

కాపలా పేరుతో కంపెనీలు మన కంప్యూటర్లలోకి ఎంత లోతుకు దిగుతున్నాయో కూడా చెప్పాలి. 2020లో వాలరెంట్ ఆటతో వచ్చిన వాన్‌గార్డ్, కంప్యూటరు మొదలైన క్షణం నుంచే కెర్నెల్ స్థాయిలో కూర్చుంటుంది. ఆపరేటింగ్ సిస్టంకు ఉన్నంత అధికారం దానికీ ఉంటుంది. ఆ అధికారం దొంగల చేతికి చిక్కితే ఏమవుతుందో 2022లో చూశాం. గెన్షిన్ ఇంపాక్ట్ ఆటకు కాపలా కాసే డ్రైవరునే వాడుకుని రాన్సమ్‌వేర్ ముఠాలు యాంటీవైరస్‌లను నిద్రపుచ్చాయి. ఆ ఆట ఆడని కంప్యూటర్ల మీద కూడా ఆ పని చేయగలిగాయి. అయితే వాలరెంట్ చేసిన వేరే పనిని మెచ్చుకోవాలి. గోడ వెనక ఉన్న శత్రువు సమాచారాన్ని వీలైనంతవరకు ఆటగాడి కంప్యూటరుకు పంపడమే మానేశారు. అక్కడ లేనిదాన్ని ఎవరూ దొంగిలించలేరు. ఇంటింటా కాపలా పెట్టడం కన్నా ఆటను అలా కట్టుకోవడం నాకు పదింతలు మేలనిపిస్తుంది. అందుకు సర్వర్ల ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చు కంపెనీలే భరించాలి.

ఇంతవరకు ఆటగాడు చేసే మోసం గురించి మాట్లాడాను. ఆట నడిపేవాడి సంగతి కూడా అడగాలి. పబ్జీ మొబైల్‌లో కొత్తగా చేరినవాడికి మొదటి ఆటల్లో ఎదురయ్యే శత్రువుల్లో చాలామంది మనుషులు కారు, కంపెనీ దింపిన బాట్‌లు. కంప్యూటరు మీద ఆడే పబ్జీలో కూడా 2020లో వాటిని ప్రవేశపెట్టారు. కొత్తవాడు వెంటనే నిరుత్సాహపడకూడదన్నది వాళ్లు చెప్పే కారణం, అందులో కొంత నిజముంది. కానీ నువ్వు గెలిచింది యంత్రం మీదని ఆ పిల్లవాడికి తెర మీద ఎవరూ చెప్పరు. ఆటగాడు యంత్రాన్ని తెచ్చుకుంటే నిషేధించే కంపెనీ, తాను దింపిన యంత్రానికి మనిషి పేరు పెట్టడాన్ని నేను ఒప్పుకోలేను.

డబ్బు పెట్టి ఆడే చోట ఇది మరింత తీవ్రమవుతుంది. రమ్మీ నైపుణ్యపు ఆట అన్న వాదనకు మూలం మన సికింద్రాబాదులోనే ఉంది. క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటే అని 1967 నవంబరులో కోర్టు చెప్పింది. ఆ తీర్పును పట్టుకునే ఆన్‌లైన్ రమ్మీ వ్యాపారం తర్వాత కోట్లకు పడగెత్తింది. ఆ తీర్పు రాసిన నాటికి బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లంతా మనుషులు. పడిన ముక్కను మరిచిపోవడం అందరికీ సమానంగా ఉన్న బలహీనత. ఏ ముక్కనూ మరవని ప్రోగ్రాము బల్ల దగ్గర కూర్చుంటే నైపుణ్యం అన్న మాటకు అక్కడ అర్థం మారిపోతుంది. అది ఊహ కాదు. 2019లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఫేస్‌బుక్ పరిశోధకులు ప్లూరిబస్ అనే ప్రోగ్రాముతో ఆరుగురు ఆడే పోకర్‌లో ఆరితేరిన ఆటగాళ్లను ఓడించారు. దానికి ఆట నేర్పడానికి అయిన కంప్యూటరు ఖర్చు 150 డాలర్ల లోపే. ఆన్‌లైన్ పోకర్ మీద పడే ప్రభావాన్ని తలుచుకుని వాళ్లు ఆ కోడ్‌ను బయటపెట్టలేదు. ఆ సంయమనానికి నా నమస్కారం. అంత తక్కువ ఖర్చులో అయ్యే పనిని మరొకరు చేయకుండా ఉంటారని మాత్రం అనుకోలేం.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌ను పోటీ క్రీడగా గుర్తించింది. అప్పుల్లో కూరుకుపోయి ప్రాణాలు తీసుకున్నవారి ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి కాబట్టి మొదటి సగాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. రెండో సగం గురించి మాత్రం ఇప్పుడే మాట్లాడాలి. క్రీడ అని గుర్తించాక ఆటగాడికి క్రీడాకారుడి హక్కులు రావాలి. ముందుగా మోసం అమ్మేవాళ్ల సంగతి. దక్షిణ కొరియా 2016లో మోసపు ప్రోగ్రాములు తయారుచేసి అమ్మేవారికి అయిదేళ్ల వరకు జైలు శిక్ష పెట్టింది. చైనాలో 2021లో టెన్సెంట్ కంపెనీ సాయంతో పోలీసులు పట్టుకున్న ఒక ముఠా కోట్ల డాలర్లు గడించి ఖరీదైన కార్లు కొనుక్కుంది. అమ్మేవాళ్ల మీద అలాంటి చట్టం మనకూ అవసరమే. కొనుక్కున్న పదిహేనేళ్ల పిల్లవాడి మీద దాన్ని ప్రయోగించకూడదు.

పరుగు పందెంలో డోపింగ్ ఆరోపణ వస్తే క్రీడాకారిణికి రెండో నమూనా పరీక్షించమని అడిగే హక్కుంది, తన వాదన వినిపించుకునే వేదిక ఉంది. ఆన్‌లైన్ ఆటలో నిషేధం పడితే వచ్చేది ఒకే వాక్యం, అది కూడా ముందే రాసిపెట్టినది. ఏ ఆటలో, ఏ నిమిషంలో, ఏం చూసి అనుమానించారో చెప్పరు. చెబితే మోసగాళ్లు తెలివిమీరతారని కంపెనీల వాదన. ఆ భయం అబద్ధం కాదు. అయినా పద్ధతి రహస్యంగా ఉంచి, ఆధారాన్ని మూడో పక్షానికి చూపించవచ్చు. పేరు కనపడని జ్యూరీ ముందు ఆ రికార్డింగు పెట్టవచ్చు. కౌంటర్-స్ట్రయిక్ ఏళ్ల తరబడి చేసిన పని అదే, అది అసాధ్యమని ఎవరూ నాతో వాదించలేరు.

కొత్త చట్టం కింద నియమావళి రాసేవారిని ఈ వేదిక నుంచి అడుగుతున్నాను. గుర్తింపు కోరే ప్రతి పోటీ ఆటలోనూ యంత్రం ఒక్కటే చూసి శాశ్వత నిషేధం వేయకూడదని రాయండి. నిషేధం పడ్డవాడు అడిగితే, అతని భాషలో మాట్లాడే మనిషి ఒకడు నిర్ణీత గడువులో రికార్డింగు చూసి జవాబివ్వాలని రాయండి. ర్యాంకు కోసమైనా బహుమతి కోసమైనా ఆడే ఆటలో అవతల ఉన్నది బాట్ అయితే ఆ పేరు పక్కన ఆ మాట కనపడాలని రాయండి. దీనికి కొత్త సాంకేతికత ఏదీ అక్కర్లేదు. ఏది బాటో, ఏది మనిషో కంపెనీ సర్వరుకు ఈ క్షణం కూడా తెలుసు.